ఎవరూ ముట్టని సీసాలు

నీళ్ల నడుమ పసుపు రంగు పడవ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.

జానమ్మ బట్టలు పిండడం ఆపి చూసింది.

అంత సన్నటి పడవను ఆమె ఎన్నడూ చూడలేదు. అందులో ఒకే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎదురుగా చిన్న టీవీలాంటి పెట్టె పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

బాంబేమో అనుకుంది ముందు. తర్వాత సర్వే మనిషేమో, ఊరు లేపుతారేమో అనుకుంది. మంచి ఆలోచన ముందుగా రావడం ఆమెకు అలవాటు లేదు.

పైగా ఆమెకు నిద్రపట్టని రోజులవి. బిడ్డ మెర్సీకి నెలలు నిండాయి. నొప్పులొస్తే ఈ నీళ్లు దాటాలి. అవతలి ఒడ్డెక్కితే అరగంటలో చర్చి దవాఖాన. అడవి చుట్టూ తిరిగి పోతే సగం రోజు.

నెల కింద, వరద తగ్గిన వారానికే, పిల్లలకు సూదులేయడానికి ఆ దవాఖాన నుంచి వస్తున్న సిస్టరమ్మ ఎక్కిన గుండ్రటి బుట్టపడవ, పుట్టి, నడినీళ్లలో బోల్తాపడింది. తెడ్డేసేవాడు ఈదుకొచ్చాడు. ఆమె దక్కలేదు. సుడి మింగిందన్నారు.

నాలుగో రోజు పడవ ఒడ్డుకొచ్చింది. అరవై దాటిన మనిషి. పడవ పక్కన ఏదో పేరు రాసి ఉంది. ఐదో తరగతి చదువుతో జానమ్మ కూడబలుక్కుంది.

మం... జు... లత.

“నీ ఇంటామె పేరా అన్నా?”

“మా అమ్మాయి పేరమ్మా.”

“యాడుంటది?”

అతను పెట్టె మీది తడి తుడిచాడు.

“గా పెట్టె ఏంది మరి?”

“నీళ్ల కింద చూసే పెట్టె. కిందికి చప్పుడు పంపుతుంది. అది దేనికైనా తగిలి తిరిగొస్తే బొమ్మ వేసి చూపిస్తుంది. మా సముద్రం ఒడ్డున దీంతోనే స్క్విడ్‌లు పట్టేవాణ్ణి.”

“గవేం చేపలు?”

“చేప కాదమ్మా. పది చేతులుంటాయి. బెదిరితే సిరా కక్కుతుంది. ఒంట్లో ఎముక లేదు, చేపకున్న గాలితిత్తి లేదు. తెరమీద పొగమరకలా కనపడుతుంది, అంతే. దాన్ని పోల్చుకోవడం వచ్చినవాడికి నీళ్ల కింద ఇంకేదీ దాగదు.”

“యేసయ్యా. గసొంటివి మా నీళ్లల్ల ఉన్నయా?”

“ఉండవు. అవి ఉప్పునీళ్లలోవి.”

“మరి నాలుగు దినాల సంది ఏం దేవులాడుతున్నవ్?”

అతను తనే ఒకటి అడిగాడు.

“నీళ్లమీద సీసా తేలుతుంటే మీవాళ్లు ఏం చేస్తారమ్మా?”

“ఏం చేస్తరు. సీసా ఉన్నదంటె కింద ఎవలిదో వల ఉన్నట్టు. చుట్టు తిరిగి పోతరు.”

“ఎవరిదో తెలియకపోయినా?”

“ఎవలిదైతేంది? వల వలనే గద.”

మర్నాడు అతను గోనెసంచి నిండా ఖాళీ సీసాలు తెచ్చాడు.

పెట్టెలో చూడడం, ఆగడం, తాడు దించి సీసా కట్టడం. వారం తిరిగేసరికి నీళ్లమీద నలభై సీసాలు తేలాయి.

జానమ్మకు మనసాగలేదు. మొగుడు లింగస్వామికి చెప్పింది.

“నలభై వలలేసిండు. రేపు కాంట్రాక్టరును తోలుకొస్తడు. మన నోట్ల మన్నే.”

ఆ మాట చేపల సంఘం పెద్ద గుర్వయ్య దాకా పోయింది. పదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

“సముద్రం సాలలేదా నీకు? మా నీళ్లు గూడ కబ్జా పెడితివి.”

“నా పని అయిపోయింది బాబూ. వెళ్లిపోతాను. నా సీసాలు మాత్రం ముట్టబోమని మాటివ్వండి.”

గుర్వయ్యకు రోషం వచ్చింది.

“మేమేమన్న దొంగలమా? ఇంకొకని సీసా మా తాతలు గూడ ముట్టలే. నువ్వు మాత్రం మళ్ల గిటు రాకు.”

అతను నవ్వినట్టే అనిపించింది జానమ్మకు. ఎంత పొగరు అనుకుంది.

పదిరోజులకు, పొద్దు పొడుస్తుండగా మెర్సీకి నొప్పులెత్తాయి.

లింగస్వామి పుట్టి తోశాడు. గాలి లేచింది. నీళ్లు ఇంకా ఎర్రగానే, నిండుగానే ఉన్నాయి. సీసా ఎదురైన ప్రతిచోటా అతను తెడ్డు మళ్లిస్తున్నాడు.

“సక్కటి తొవ్వను పాము తీరు చేసి పోయిండు,” అని గొణిగాడు.

“మీదికెళ్లే పోనీయి. వాని వల చినిగితే మనకేంది? పిల్ల పానం పోతాంది ఈడ.”

“ఊకో జానమ్మ. సీసా మీదికెళ్లి పోవుడు తప్పు.”

మెర్సీ పళ్లు బిగించింది. జానమ్మ ఒక్కో సీసాకు ఒక్కో శాపం పెట్టింది. శాపాలు అయిపోయేసరికి ఒడ్డు తగిలింది.

మనవరాలు పుట్టింది.

చలి వెనకబట్టాక నీళ్లు దిగాయి. సీసాలు మాత్రం దిగలేదు.

ఊరంతా ఒడ్డుకొచ్చి చూసింది. వరదకు అడవిలోంచి కొట్టుకొచ్చిన మాన్లు బురదలో వేళ్లు దిగేసుకుని, బల్లేల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కో మాను కొసకు ఒక్కో సీసా వేలాడుతోంది. ఏ సీసా కిందా వల లేదు. ఒకదాని కొమ్మకు మాత్రం విరిగిన పుట్టి చట్రం చిక్కుకుని ఉంది.

“ఆ మనిషిది ఏ ఊరంట?” అన్నాడు గుర్వయ్య.

ఉన్నన్నాళ్లూ అతన్ని ఒక్కరూ అడగలేదు.

మనవరాలికి మూడో నెల సూది వేయించడానికి జానమ్మ దవాఖానకు పోయింది. గోడమీద సిస్టరమ్మ ఫోటో కొత్తగా పెట్టారు. దండ వేసి ఉంది. సిస్టరమ్మా అని పిలవడమే కాని, ఊళ్లో ఎవరికీ ఆమె పేరు తెలియదు.

ఫోటో కింద ఏదో రాసి ఉంది.

జానమ్మ పిల్లను భుజం మార్చుకుని కూడబలుక్కుంది. ఆ అక్షరాలను ఆమె ఇంతకుముందు ఒకసారి ఒడ్డున నిలబడి, పసుపు పడవ మీద ఇట్లాగే కూడబలుక్కుంది.