వంతెన కింద పడవ

"నువ్వు రాకపోతే జనం ఏమనుకుంటారు?" అన్నాడు ఇంజనీరు, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"జనానికేం, ఒడ్డున నిలబడి చూస్తారు. పైన ఇనుము, కింద నీళ్లు. మధ్యలో పసివాడితో నేనెందుకు?" అంది భార్య.

ఆ రైలు వంతెనకి నమూనా గీసి, దగ్గరుండి కట్టించినవాడు అతనే. మొదటి రైలు దాటేటప్పుడు, కట్టించినవాడు పెళ్లాం బిడ్డలతో కింద పడవలో కూర్చోవాలి. అక్కడ అదొక ఆనవాయితీ. అతని తండ్రీ అలాగే కూర్చున్నాడు, ఇదే ఏట్లో, తన వంతెన కింద. దూలాల్ని కలిపి బిగించే రివెట్లు వదులై వంతెన కూలింది. శవం కూడా దొరకలేదు. నిండు చూలాలని ఇంట్లో ఉండిపోబట్టి అత్తగారు బతికింది. అప్పట్నుంచి ఆవిడ ఏటివైపు కిటికీ తెరవలేదు.

కొడుకు అక్కడే మళ్లీ కడతానని పంతం పట్టాడు. పెళ్లాంతో కంటే ఆ ఇనుముతోనే ఎక్కువ కాపురం చేశాడు. ఆవిడకి వంతెన సవతే అయింది.

"భయపడకు. నా లెక్కైనా తప్పొచ్చుగానీ పెద్దమేస్త్రి చెవి తప్పదు," అన్నాడు.

పెద్దమేస్త్రి వయసంతా ఇనప దూలాల మధ్య దూరి రివెట్లు కొట్టినవాడు. ఇప్పుడు పరీక్ష ఆయనదే. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, ప్రతి రివెట్‌నీ చిన్న సుత్తితో కొడతాడు. బిగిసింది ఖంగుమంటుంది. వదులుది దబదబమంటుంది. ఆయన తలూపితేనే రంగు వేస్తారు.

"తెలుసా? ఒక్కటి కూడా తీసెయ్యమనలేదు!" అన్నాడు భర్త పొంగిపోతూ.

ఆ ముసలాయనంటే ఆవిడకి ఒళ్లు మంట. ఆమధ్య భోజనానికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. లోపల్నుంచి ఎంత పిలిచినా ఉలకడు, పలకడు. ఎదురుగా వెళ్లి నిలబడితే అప్పుడు లేచాడు, మహారాజులా. ఎంత పొగరు!

"గొప్ప పనివాళ్లు అంతేలే," అన్నాడు భర్త ఆ రోజు.

చివరికి బయల్దేరింది. బయల్దేరక చస్తుందా! అత్తగారు గడపదాకా వచ్చి మనవణ్ని ముద్దుపెట్టుకుంది. వెంటనే తలుపేసుకుంది.

రేవులో పెద్దమేస్త్రి కూడా పడవెక్కాడు.

"నేను తలూపిన వంతెనమ్మా. నేనూ కిందే ఉంటా."

ఆ మాటతో ఆవిడ గుండె కుదుటపడింది. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు సిగ్గేసింది కూడా. ముసలాయన ఆవిడకి ఎదురుగా, పిల్లాడి ముందు కూర్చున్నాడు.

పడవ వంతెన కింద నడి ఏట్లో ఆగింది. మేస్త్రి వెనక, అవతలి ఒడ్డున ఇంజను కనపడింది. దిక్కులు పిక్కటిల్లేలా కూత మొదలెట్టింది. ఒడ్డున జనం కేకలు. భర్త లేచి టోపీ ఊపుతున్నాడు. పిల్లాడు జడుసుకుని గుక్కపట్టాడు. కూత ఆపకుండానే ఇంజను వంతెన మీదికి వచ్చేసింది.

పెద్దమేస్త్రి పిల్లాడి గడ్డం పట్టుకుని ముద్దుగా అన్నాడు: "ఏడవకు నాన్నా, రైలు వచ్చేస్తుందిలే, కూత వినపడగానే నేనే చూపిస్తాగా!"