సప్పిడి కూర

మిట్టమధ్యాహ్నం గేటు చప్పుడైంది.

కరుణాకర్‌రావు తింటున్న పళ్లెం పక్కకు జరిపి లేచిండు.

గేటు బయట ఎవరో ఆడమనిషి. అరవై దాటి ఉంటయి. నెత్తి మీద కొంగు, చేతిల స్టీలు టిఫిన్.

"ఎవలమ్మా?"

"నన్ను భూమవ్వ అంటరు సారూ. ఎనక గల్లీల వినోదోళ్లింట్ల కిరాయికి దిగిన. కూర తెచ్చిన, జర తినుండ్రి."

"నేను బయటి తిండి తిననమ్మా."

"బయటిది కాదు సారూ. చేతులార వండిన."

"నా ఇంట్ల వండనిదంత నాకు బయటిదే," అని గొళ్లెం పెట్టిండు.

ఆయన పథ్యం సంగతి నస్పూర్‌ల ఆ గల్లీకంత ఎరుకే.

బొగ్గుబాయి ఆఫీసుల కొలువు చేసి రిటైరయిండు. భార్య జానకీబాయికి క్యాన్సర్ అని తెలిసిన నాడే ఇంట్లకెళ్లి చక్కెర, మైదా, నూనె డబ్బా బయట పడేసిండు. ఆమె పోయినంక గూడ ఆ పట్టు విడువలే. పొద్దుగాల పసుపు నీళ్లు. పగటీలి కొర్ర బువ్వ, ఉప్పు లేని కూర. మాపటికి మొలకెత్తిన పెసర్లు.

షుగర్ దిగింది. బీపీ దిగింది. ఒళ్లు తేలికైంది.

మనుషులు గూడ తగ్గిన్రు.

పెండ్లిళ్లకు పోయినా అక్షింతలేసి తినకుండ అట్లనే వచ్చేటోడు. ఎవరో పండుగకు పంపిన సకినాలు మూత తియ్యకుండ వాపసిచ్చిండు.

"మా ఇంట్ల నీళ్లన్న తాగుతవా లేదా?" అని దోస్తు లింగమూర్తి ఓనాడు నవ్వుకుంట అడిగిండు.

"సీసా తెచ్చుకున్న," అన్నడు కరుణాకర్‌రావు.

ఆ తర్వాత లింగమూర్తి గూడ అడుగుడు మానేసిండు.

ఇంట్ల టేబుల్ కాడ జానకి కూసునే కుర్చీల ఇప్పుడు పేపర్ మీద మునగాకు ఆరుతుంటది.

భూమవ్వ మాత్రం మర్నాడు మళ్ల వచ్చింది. ఆ మీదటి రోజు గూడ.

"ఇయ్యాల బీరకాయ సారూ."

"వద్దమ్మా."

"తోటకూర తెచ్చిన."

"వద్దన్న గద!"

"పోనీ, మీరు మీది తినుండ్రి. నేను నాది తింట. జర లోపట కూసుంట సారూ."

కరుణాకర్‌రావు ఆమెను కిందికి మీదికి చూసిండు. చుట్టం కాదు, పక్కం కాదు. ఎందుకింత పట్టుబడుతున్నది?

"ఏం కావాలె నీకు? పింఛన్ పనేమన్న ఉన్నదా?"

"పింఛన్‌తోని పనేంది సారూ. కొడుకు దుబాయ్‌ల ఉన్నడు, పంపుతడు. ఒక్కదాన్నే తినబుద్ధైతలేదు."

"నాకు ఒక్కనికి తినుడే అలవాటు."

ఒకనాడు గేటు తీసి ఉన్నది. ఆమె సీదా లోపటికే వచ్చింది. టేబుల్ మీద టిఫిన్ పెట్టింది. కుర్చీల మునగాకును పేపర్‌తోటే ఎత్తి పక్కకు పెట్టింది.

కరుణాకర్‌రావుకు ఎక్కడలేని కోపమొచ్చింది.

"ఆ కుర్చీ ముట్టకు! గీ నూనెలు, గీ ఉప్పులు తినవట్టే నా ఇల్లు ఆగమైంది. నన్ను గూడ సంపుతవా?"

భూమవ్వ ఏదో చెప్పబోయింది.

మునగాకును ఎట్లున్నదట్ల మళ్ల కుర్చీల పెట్టింది. టిఫిన్ తీసుకొని ఎల్లిపోయింది.

ఆ తర్వాత గేటు చప్పుడు కాలే.

పీడ పోయిందనుకున్నడు మొదట.

కొన్నాళ్లకు పళ్లెం ముంగట పెట్టుకున్నంక చెవి గేటు దిక్కు పోవుడు షురూ అయింది. గాలికి కదిలినా లేచి చూసేటోడు. వచ్చి కూసునే సరికి బువ్వ చల్లారిపోయేది.

ఓనాడు మునగాకు డబ్బాల పోసి కుర్చీ తుడిచిండు.

వస్తే కూసోమంట, ఆమె తిండి ఆమె తింటది, నాదేం పోయింది అనుకున్నడు.

ఆమె రాలే.

చివరికి తనే ఎనక గల్లీకి నడిచిండు. వాకిట్ల వినోద బట్టలు ఆరేస్తున్నది. మూల అర్రకు తాళమున్నది.

"భూమవ్వ లేదా బిడ్డా?"

వినోద చేతిల తడి చీర అట్లనే ఆగింది.

"మీకు తెల్వదా సారూ? పోయిన వారమే పాణం పోయింది. కొడుకు వచ్చి ఊరికి తీస్కపోయిండు, ఆసిఫాబాద్ అవుతల."

"ఏమైంది?"

"క్యాన్సరే సారూ. తగ్గిందన్నరు గని తిరగబెట్టింది."

కరుణాకర్‌రావు ఆ అర్ర తాళం దిక్కు చూసిండు.

"నాకొక్క మాటన్న చెప్పకపాయె."

"ఆ రోగమని తెలిస్తె మీరు గేటు గూడ తియ్యరని భయపడ్డది సారూ. పాపం, రోజూ ఉప్పు లేని కూర, కొర్ర బువ్వ వండేది. మీరు వద్దంటే వాపసొచ్చి ఆ సప్పిడిదే ఆమె తినేది."

"ఉప్పు లేనిదా? చుట్టం కాదు, పక్కం కాదు, నాకోసం ఎందుకట్ల వండింది?"

వినోద చీరను దండెం మీదేసి, కండ్లు తుడుసుకున్నది.

"మొగోళ్లను రానియ్యని క్యాన్సర్ దవఖాన వార్డుల వాళ్లయి పక్కపక్క మంచాలట సారూ, 'మా ఆయన ఒక్కడే కూసోని తింటడు, నువ్వు బతికి బయటపడితే ఒక్కపూటన్న ఎదురుంగ కూసో భూమక్కా' అని జానకమ్మ చెయ్యి పట్టుకొని అడిగిందట."