ఎడ్ల పేర్లు

దున్నే యంత్రం మా మెట్ట చెలకలో ఆగి అడిగింది. "ఎముకలు తగిలాయి. మనుషులవా, పశువులవా?"

మనుషులవంటే చెలక సర్కారుకు పోతుంది. ఇక్కడ ఊచకోత జరిగిందని దేశం ఒప్పుకోవాల్సొస్తుంది. ఎవరి చెలకలో తేలినా ఊరంతా పశువులవనే చెప్పింది.

"ఎడ్లవి," అన్నాను.

"మొత్తం ఏడు. పేర్లు చెప్పండి."

మా ఊళ్లో పేరు పెట్టని ఎద్దుండదు. అది యంత్రానికీ తెలుసు.

మా ఆవిడ కొమురవ్వ నవ్వింది. "ఏ రాముడో సోముడో చెప్పరాదయ్యా. పక్క చెలక పటేలు ఒక్కదినమే నలభై ఎడ్లు సచ్చినయని రాయించిండు."

నా నోటికి ఎడ్ల పేర్లు రాలేదు. ఆ ఊచకోతలో తుపాకి పట్టిన మా తాత, చచ్చేముందు నాకొక్కడికే చెప్పిన పేర్లొచ్చాయి.

"బాలయ్య. నర్సవ్వ. పోశయ్య..."

కొమురవ్వ నవ్వాగిపోయింది. "ఆ పేర్లు నీకెట్ల ఎరుక?"

ఏడూ చెప్పాను. ఎడ్ల పేర్లుగా రాసుకుని యంత్రం దున్నుకుంటూ పోయింది.