క్లాసు బొమ్మ

"ఎందుకు చింపావో నాకు కాదు, తనకి చెప్పు," అంది టీచరు, ఏడో తరగతి అమ్మాయిలిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి.

మధ్యలో బల్ల మీద, క్లాసు పిల్లలందర్నీ గీసిన బొమ్మ నాలుగు ముక్కలై ఉంది.

"నెల రోజులు కూర్చుని గీశాను. నీకు నేనేం చేశాను?" అంది బొమ్మ గీసిన పిల్ల.

చింపిన పిల్ల ఆ ముక్కల వైపే చూస్తూ అంది. "అందులో అందరూ ఉన్నారు. కిటికీలో పిల్లి కూడా ఉంది. మూడుసార్లు వెతికాను. నేను లేను."

"నువ్వు... కొత్తగా చేరావా?"

"బడి తెరిచిన రోజు నుంచీ నీ వెనక బెంచీలోనే కూర్చుంటున్నా."

సారీ చెప్పమనబోయిన టీచరు ఆగిపోయింది.

బొమ్మ గీసిన పిల్ల ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుంది.

"నాకింకా కోపం పోలేదు. కానీ ఒకసారి ఇటు చూడు. నీ కళ్లెలా ఉంటాయో నాకు తెలీదు."