నాలుగో కాగితం

“ఇదీ వద్దు,” అంది అత్తగారు, అలలు గీశానంటూ కోడలు ఇచ్చిన కాగితాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి. “అలలు కుడితే పాపకి వీపు ఒత్తుకుంటుంది.”

కోడలు పళ్ళు బిగబట్టింది. పాత నూలు బట్టల ముక్కలు అతికి, మధ్యన దూది పరిచి, బొంత సిద్ధం చేసి పది రోజులైంది. ఇక మిగిలింది మూడు పొరల్నీ కలిపి పట్టి ఉంచే పైకుట్టే. ఏ డిజైను గీసి చూపించినా ఈవిడ పెదవి విరుస్తోంది. సెలవు ఆదివారంతో సరి. సోమవారం ఆఫీసులో కనిపించకపోతే ఉద్యోగం ఊడుతుంది. ‘బొంత పూర్తయ్యాకే పాపని నా దగ్గర వదులు’ అని అత్తగారి షరతు.

వంటింట్లోకి వెళ్ళి భర్త చెవిలో ఊదింది. “మీ అమ్మ కావాలనే సాగదీస్తోంది. నేను ఉద్యోగానికి వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు. ఆఖరికి సూదిలో దారం కూడా నన్నే ఎక్కించమంటోంది, మహారాణిలా!”

“నీకు గాలికి తలుపు కొట్టుకున్నా అనుమానమే.”

“అయితే వచ్చి నీ కళ్ళతో నువ్వే చూడు. నోరు మాత్రం మెదపకు.”

అతను గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు అత్తగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఇందాకటి అలల కాగితాన్నే మళ్ళీ అందించింది. “కొత్తది గీశాను అత్తయ్యా. ఆకులు.”

“బావున్నాయి కానీ, మరీ అరిటాకులంత గీశావేంటి?”

గుమ్మంలో కనుబొమలు ముడిపడ్డాయి. కోడలు అదే కాగితాన్ని మూడోసారి ఇచ్చింది. “పోనీ, గళ్ళు?”

“ఇవేం గళ్ళు, జైలు ఊచల్లా! నీకింకా చెయ్యి తిరగలేదమ్మాయ్.”

‘చూశావా?’ అన్నట్టు కోడలు మొగుడి వైపు చూసింది. దొంగ దొరికింది. ఇక తప్పించుకునే దారి కూడా మూసెయ్యాలి. గీతైనా లేని తెల్ల కాగితం ఒకటి తీసి అత్తగారి చేతిలో పెట్టింది. “ఇదే ఆఖరు. పూలు.”

అంతలో ఉయ్యాల్లో పాప ఒత్తిగిలింది. కోడలు లేచి, మునివేళ్ళ మీద ఉయ్యాల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అత్తగారు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. “అబ్బబ్బ, ఎన్ని పూలే తల్లీ! గాలాడకుండా కుక్కేశావు. కాస్త ఖాళీ వదలొద్దూ?”

కోడలు పెదవి కొరుక్కుంది. ఈ దెబ్బతో ఆవిడ నోరు మూతపడాల్సిందే. అడుగుదామని ఊపిరి తీసుకుంది.

“సర్లే, దానికే అలా మూతి ముడుచుకోవాలా?” అని నవ్వుతూ, అత్తగారు ఆ తెల్ల కాగితాన్ని ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీకి అందించింది.