టార్చి పట్టిన చెయ్యి

అలంపురాన్ని ముంచిన వరదకు అది పదిహేనో ఏడు. ఎండాకాలం.

"లైటు జర నీ దిక్కు తిప్పు మాసన్నా," అన్నాడు రహమాన్.

"పనేమో గోడ మీద. లైటేమో నా కండ్లల్లనా?" అన్నాడు మాసయ్య.

"నా కండ్లకు కొడ్తున్నది. తిప్పరాదు."

మాసయ్య తిప్పాడు. టార్చి వెలుగు తన మొహం మీదే పడింది. పద్నాలుగు నెలలుగా ఇదే వరస. తను చేసేది ఇంకొకడి కంట పడొద్దని రహమాన్ ఇట్లా చేయిస్తున్నాడని మాసయ్య అనుమానం.

ఇద్దరూ ఒక పాత ఆవిరి ఇంజిన్ నిప్పు గదిలో ముడుచుకుని కూర్చున్నారు. గద్వాల స్టేషన్ అవతల రేకుల షెడ్డులో ఆ ఇంజిన్‌ను బాగు చేస్తున్నారు. కొండల్లో టూరిస్టులను తిప్పే రైలుకు అది పోతుంది. నిప్పు గది గోడలకు వందల బోల్టులు. ఒక్కొక్కదాన్నీ సుత్తితో కొట్టి చూడాలి. గట్టిది గంటలా మోగుతుంది. లోపల విరిగింది మొద్దుగా పలుకుతుంది. దాని మీద సుద్దతో గీత పెట్టాలి. గీత తప్పితే, ఆవిరి పట్టిన రోజు గోడ పగిలి మనుషులు పోతారు.

రహమాన్ కొట్టాడు. ఖంగుమంది. ఇంకోటి. ఖంగు. మూడోది దబ్బుమంది.

విరిగిందని మాసయ్యకు అప్పుడే తెలిసింది. అడిగేవాళ్లేరి? రహమాన్ అతని వైపు ఒకసారి చూసి, తాపీగా గీత పెట్టాడు. ఆ చూపుకే మాసయ్య కడుపు మండేది.

బయటికొచ్చేసరికి అర్చన చాయ్ పోయిస్తోంది. వనపర్తి పిల్ల, ఈ పనికి ఇంజినీరు. మొదటి కప్పు రహమాన్‌కే ఇచ్చింది.

"ఎన్ని దొరికినయి ఉస్తాద్?"

"నాలుగు బిడ్డా."

"ఏం చెవి ఉస్తాద్ నీది."

మాసయ్య చాయ్ ఊదుకున్నాడు. పోయిన నెల పేపర్లో ఫోటో వేశారు. రహమాన్ సుత్తి ఎత్తి ఉన్నాడు. పక్కన టార్చి పట్టిన చెయ్యి ఒక్కటి పడింది. అది మాసయ్యది. ఆ పేపరు తన ఊరు పెద్దమందడి తీసుకుపోయి ఇంట్లో చూపిస్తే, "ఇందులో నువ్వేడున్నవ్?" అంది భార్య సాయమ్మ.

"ఇంజిన్‌తోని కొండలకు ఒక్కరినే పంపుమన్నరు," అంది అర్చన. "అక్కడే ఉండి దాన్ని చూసుకోవాలె. ఎల్లుండి బాయిలర్ పరీక్ష అయినంక ఉస్తాద్ పేరు రాసి పంపుత."

మాసయ్య కప్పు కింద పెట్టాడు.

"నా భుజం గుంజుతున్నది. లైటు నరేందర్‌ను పట్టమను."

నరేందర్ వెల్డరు. లేచి టార్చి అందుకున్నాడు. రహమాన్ మొహం వాడిపోయింది.

"నువ్వే రారాదు మాసన్నా."

"లైటు పట్టనీకి గూడ నేనే కావాల్నా? ఉస్తాద్ కాదు నువ్వు? చీకట్ల కొట్టినా తెలుస్తది నీకు."

రహమాన్ సుత్తి అందుకున్నాడు. లోపలికి దూరాడు.

మాసయ్య నిప్పు గది మూతి దగ్గరే బీడీ ముట్టించి కూర్చున్నాడు. ఖంగు. ఖంగు. దబ్బు. మాసయ్య బీడీ నోట్లోనే ఆగింది. సుత్తి ఆగలేదు. గీత పెట్టకుండానే తర్వాతి బోల్టుకు పోయింది. కాసేపటికి ఇంకొక దబ్బు. ఆ తర్వాత ఇంకొకటి. అప్పుడూ ఆగలేదు.

అరగంటకు రహమాన్ బయటికొచ్చాడు. వేళ్లకు సుద్ద అంటుకోలేదు.

"ఇయ్యాల కాదు. రేపు మల్ల మొదటికెల్లి చూస్త."

"గీతలెన్ని పెట్టినవ్?"

"ఒక్కటి పెట్టలే."

మాసయ్య నేరుగా అర్చన దగ్గరికి పోయాడు.

"మేడం, మీ ఉస్తాద్‌కు చెవుల్లేవు. మూడు ఇరిగిన బోల్టులు ఇడిసిపెట్టిండు. రండి, సూపిస్త."

చూపించాడు. అర్చన తానే కొట్టి చూసింది. మూడూ మొద్దుగా పలికాయి. బయటికొచ్చి రహమాన్ ముందు నిలబడింది.

"ఉస్తాద్, నిజమా?"

రహమాన్ సుత్తిని గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు.

"నిజమే బిడ్డా. దగ్గర మాట్లాడితే ఇనవడ్తది. ఈ బోల్టుల మోతలు మాత్రం అన్నీ ఒక్కతీరే ఉంటయి. రెండేండ్లాయె."

"మరి ఇన్ని నెలలు ఎట్ల పెట్టినవ్ గీతలు? ఒక్కటన్న తప్పలేదు గదా."

రహమాన్ సుత్తి పక్కన పెట్టాడు.

"ఇరిగింది తాకంగనే మాసన్న మూతి వంకర పోతది. లైటు గటు తిప్పిచ్చి, అది చూసి గీత పెడ్తుంటి."

నరేందర్ నవ్వబోయి దగ్గాడు. అర్చన మాసయ్య వైపు తిరిగింది.

"అంటే ఆ చెవి..."

"ఆయనదే," అన్నాడు రహమాన్.

"రేపటికెల్లి సుత్తి నువ్వే పట్టాలె పెద్దాయనా," అంది అర్చన. "కొండలకు గూడ నీ పేరే రాస్త."

ఏం చెవి, ఏం చెవి అని వాళ్లు పొగిడినప్పుడల్లా మాసయ్య కుళ్లుకున్నాడు. పద్నాలుగు నెలలు కుళ్లుకున్నది తన చెవిని చూసే.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు షెడ్డుకొచ్చాడు. రహమాన్ నిన్న పక్కన పెట్టిన సుత్తిని తీసి, అతను రోజూ తగిలించే మేకుకే తగిలించాడు. నిప్పు గదిలోకి దూరి, టార్చి వేసి, తన మొహం మీదికి తిప్పుకుని రహమాన్ కోసం కూర్చున్నాడు. ఇంకా ఒక్క బోల్టూ కొట్టలేదు, మూతి మాత్రం అప్పటికే వంకర పోయి ఉంది.