రాణి మాట్లాడిన పేజీ

"ఈ పేజీ మీరు చింపుతారా, మమ్మల్ని చింపమంటారా?"

పుస్తకం మీద సంతకం కోసం వచ్చిన అభిమాని మాటకు, వెనక క్యూ అంతా గొల్లున నవ్వింది. టీవీలో వచ్చిన మాయారాజ్యం సీరియల్‌ను నవలగా రాసిన రచయిత సంతకం పెట్టబోతున్న పెన్ను పక్కన పెట్టాడు.

"సీరియల్లో కొడుకు ప్రాణం పోతుంటే రాణి ఒక్క మాటా మాట్లాడదు. మీరేమో పేజీ నిండా వాగించారు! ఆ మౌనానికే కదండీ మేం పడి చచ్చింది!"

"కాగితం మీద మౌనమంటే..." నసిగాడు రచయిత.

అభిమాని పేజీ పట్టుకుని లాగబోయాడు. అతని భుజం పట్టుకుని నిలబడ్డ తండ్రి, చూపులేని మనిషి, తడుముకుంటూ పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"ఆగరా. టీవీలో అక్కడ నాకేమీ వినపడలేదు. నువ్వూ చెప్పలేదు. ఆ బిడ్డ పోయేటప్పుడు వాళ్లమ్మ దగ్గర లేదనుకున్నాను, ఇన్నాళ్లూ."

కొడుకు పేజీ వదిలేశాడు.

"ఇంతకీ ఏమందిరా ఆ తల్లి?"

కొడుకు నలిగిన పేజీని అరచేత్తో సాపు చేసి, చదవడం మొదలుపెట్టాడు.